ముంపు ప్లాన్లు మూడు: మీ ఇల్లు దేన్ని నమ్ముకోవాలి?

పోయిన వేసవిలో గోదారి మధ్యనున్న మా లంక కుర్రాళ్ళు ముగ్గురు మూడు కాగితాల కట్టలు తెచ్చి మా అరుగు మీద పెట్టారు. ఒకటి ఎగువనున్న ఒక జలాశయం తాలూకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక. బైండు చేసి, రంగు మ్యాపులతో బరువుగా ఉంది. ఎలా సంపాదించారో నేను అడగలేదు. రెండోది జిల్లా వరద ప్రణాళిక. మూడోది 2022 వరద తగ్గాక మా ఊరివాళ్ళే స్కూలు నోటుబుక్కులో రాసుకున్న నాలుగు పేజీలు. "ఈ మూడింట్లో ఏది పట్టుకోమంటారండీ? గ్రామసభలో తీర్మానం పెడదామని" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

బరువు చూసి ఓటేస్తే మొదటిదే గెలుస్తుంది. వారం రోజులు మూడూ ముందేసుకుని కూర్చున్నాక తేలిందేమిటంటే, ఇల్లు ఎక్కడుందో, దాని మీదికి వచ్చే నీళ్ళు ఏవో తెలియకుండా ఏ ప్లాన్‌కీ మార్కులు వేయలేం. ధవళేశ్వరం దిగువన ఎవరికైనా ఇదే చిక్కు కాబట్టి నా లెక్క ఇక్కడ పెడుతున్నాను.

## ముందు మీ నీళ్ళేవో తేల్చుకోండి

వరద అనగానే మనకు ఒకటే గోదారి గుర్తొస్తుంది. ప్లాన్ పట్టుకుని చూస్తే నీళ్ళు నాలుగు రకాలు.

మొదటిది చెప్పి వచ్చే వరద. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీళ్ళు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు, అంటే 10 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు) మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది, 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం 75.6 అడుగులు చూసింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో అక్కడ 71.3 అడుగులు, ఇక్కడ 25 లక్షల పైచిలుకు. ఎంత పెద్ద వరదైనా ఈ రకం మనకు టైమిస్తుంది.

రెండోది ఏటిగట్టుకు పడే గండి. 1986లో చాలాచోట్ల పడ్డాయి. దీనికి భద్రాచలం గేజీ, అంటే నీటిమట్టం కొలత, ఏమీ చెప్పదు. గట్టు ఎక్కడ తెగుతుందో గట్టుకే తెలియాలి.

మూడోది పక్కనుంచి వచ్చేది. జంగారెడ్డిగూడెం దగ్గరి ఎర్రకాలువ జలాశయం, ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం కింద ఉన్నవాళ్ళ భయం గోదారి కాదు. 2024 జులైలో ఎర్రకాలువ, సెప్టెంబరులో ఏలేరు పొంగి పొలాలు ముంచాయి. ఆ జులైలోనే అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడి, కింద ఆంధ్రాలోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ళ మీద పడింది. అది డెల్టా కాదు గానీ, ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

నాలుగోది పోలవరం. దీన్ని విడిగా ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది బ్యారేజీనీ దాన్నీ ఒకే గాటన కట్టేస్తారు. "గేట్లు ఎత్తేశారు, అందుకే మునిగాం" అని ప్రతి వరదకీ టీకొట్టు దగ్గర ఒకరైనా అంటారు. చిన్న లెక్క చూడండి. బ్యారేజీలో పట్టే నీళ్ళు 3 టీఎంసీల లోపు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 10 లక్షల క్యూసెక్కుల వరద గంటకు 3.6 టీఎంసీలు తెస్తుంది. అంటే మొదటి హెచ్చరిక నాటి నీళ్ళే ఖాళీ బ్యారేజీని గంటలోపు నింపేస్తాయి. ఉన్న 175 గేట్లూ ఎత్తడం తప్ప అక్కడివాళ్ళు చేయగలిగింది లేదు. వచ్చింది వచ్చినట్టు పోవాల్సిందే. పోలవరం పూర్తి సామర్థ్యం 194 టీఎంసీల పైమాట. అదే వరద దాన్ని నింపాలంటే రెండు రోజులు దాటుతుంది. నీళ్ళు నిలవ చేసే డ్యామ్‌కి ఉండాల్సిన ప్లాన్ వేరు, నీళ్ళు మళ్ళించే బ్యారేజీకి ఉండాల్సిన ప్లాన్ వేరు.

## ఏం చూసి మార్కులు వేయాలి

నూటికి 35 మార్కులు గంటలకే. గండి పడ్డాక నీళ్ళు మన గుమ్మం తాకడానికి ఎంతసేపు పడుతుందో ప్లాన్‌లో వెతకండి. అందులోంచి చూసినవాడు "ఇది ప్రమాదమే" అని గుర్తించడానికి పట్టే టైము, పై అధికారి "సరే, చెప్పేయండి" అనడానికి పట్టే టైము, కబురు మన ఊరికి చేరడానికి పట్టే టైము తీసేయండి. మిగిలిందే మనది. అమెరికాలో పాత డ్యామ్ ప్రమాదాలను పరిశీలించిన ఇంజనీర్లు తేల్చిందేమిటంటే, గంటన్నర కంటే ముందే హెచ్చరిక అందిన చోట ప్రాణనష్టం బాగా తక్కువ. ప్లాన్‌లో మీ ఊరికి మిగిలే టైము గంటన్నర కన్నా తక్కువుంటే, అది పడవల గురించి ఎన్ని పేజీలు రాసినా అనవసరం. మీరు నడిచి ఎక్కగలిగే ఎత్తు ఎక్కడుందో చెప్పాలి.

25 మార్కులు కబురు గొలుసుకి. ఎవరు ఎవరికి చెప్పాలి, ఆయన ఎత్తకపోతే ఎవరికి. మూడింటిలో ఒకదాంట్లో ఉన్న ఫోన్ నంబర్లకు నేను కూర్చుని వరసగా ఫోన్లు చేశాను. మొదటి నంబరాయన, "నేను బదిలీ అయి రెండేళ్ళయిందండీ, ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నాను" అన్నారు, పాపం మర్యాదగానే. రెండో నంబరు ఒక టైలరు గారిది. "ఏటా వర్షాకాలంలో ఎవరో ఒకరు చేస్తారండీ, ఆయ్" అన్నాడు నవ్వుతూ. మూడోది స్విచాఫ్.

ఫోన్ చేసే ఓపిక లేకపోతే ఒక అడ్డదారి ఉంది. కోనసీమ ఊరి పేరు పక్కన ఇంకా "తూర్పు గోదావరి జిల్లా" అనే ఉంటే ఆ కాగితం 2022 ఏప్రిల్ ముందుది, అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు. ఇంటింటికీ చెప్పే పని వాలంటీర్ల పేరన రాసి ఉంటే అదీ పాతదే.

మ్యాపుకి 15. నీలం రంగు పులిమితే మ్యాపు కాదు. ఏ వీధిలో ఎంత లోతు, ఎన్ని గంటలకు అన్నది ఉండాలి. మంచి డ్యామ్ ప్లాన్‌లో కనీసం రెండు మ్యాపులుంటాయి: వరద రోజున కట్ట తెగితే ఒకటి, వాన చుక్క లేని ఎండ రోజున తెగితే ఇంకొకటి. రెండోది తక్కువ ఊళ్ళనే ముంచవచ్చు గానీ, ఆ రోజు ఎవడూ గోదారి వైపు చూడడు.

రాత్రి పరీక్షకి 15. రాత్రి రెండు గంటలకు కరెంటు లేదు, సెల్ టవరు పడుకుంది. అప్పుడు ఈ ప్లాన్ ప్రకారం మా ఊరికి ఎవరు ఎలా చెప్తారు? సైరనా, గుడి మైకా, చర్చి గంటా, తప్పెటా? జవాబు "సంక్షిప్త సందేశం" అయితే సున్నా.

మిగిలిన 10 మంచం మీదున్న ముసలివాళ్ళు, నెలలు నిండిన ఆడపిల్లలు, గేదెలు. పదే ఎందుకంటే ఇది ఊళ్ళో వాళ్ళు పూరించగలరు. పైవాటిలో చాలావరకు బయటినుంచి రావాలి.

## డ్యామ్ వాళ్ళ ప్లాన్

2021 డ్యామ్ భద్రత చట్టం ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పెద్ద డ్యాములన్నిటికీ యజమాని అత్యవసర ప్లాన్ తయారు చేయాలి. పాతవాటికి ఐదేళ్ళ గడువు, అంటే 2026 ఆఖరు. కొత్త జలాశయమైతే తొలిసారి నీళ్ళు నింపేముందే ఉండాలి. ఎలా రాయాలో కేంద్ర జల సంఘం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది.

దీని బలం దేనికీ లేదు: కట్ట తెగితే ఏమవుతుందో ముందే లెక్కగట్టేది ఇదొక్కటే. గేటు ఇరుక్కోవడం, కట్ట కింద ఊట, నీళ్ళు కట్ట పైనుంచి పొర్లడం, వీటిలో దేన్ని ఎంత ప్రమాదంగా లెక్కేయాలో మెట్లు మెట్లుగా రాసి ఉంటుంది.

బలహీనత కూడా అక్కడే. డ్యామ్ ఇంజనీరు పని ప్రమాదాన్ని గుర్తించడం, కబురు పెట్టడం. మిమ్మల్ని ఇంట్లోంచి తరలించడం ఆయన పని కాదు, అది రెవెన్యూ వాళ్ళది, పోలీసులది. అందుకే బైండు పుస్తకం ఎంత లావున్నా కబురు జిల్లాకి చేరిన చోట ఆగిపోతుంది. చదివేవాళ్ళు దీన్ని గమనించక "అన్నీ ఇందులో ఉన్నాయి" అనుకుంటారు.

రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛా జలాశయం కట్ట ముందే తెగింది. అన్నమయ్యకి ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. దిగువ ఊళ్ళలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 2022 జులైలో గోదారి ఉపనది మీదున్న కడెం ప్రాజెక్టులో 18 గేట్లకు 17 ఎత్తారు, ఒకటి కదల్లేదు, నీళ్ళు కట్ట అంచుదాకా వచ్చాయి. కానీ దిగువ ఊళ్ళను ముందే ఖాళీ చేయించారు. కట్టా నిలిచింది. ఒకవేళ తెగి ఉన్నా ఆ ఇళ్ళలో జనం లేరు. రెండు చోట్లా గేటు మొరాయించింది. తేడా గంటల్లో ఉంది.

ఇక పెద్దవాగు. కట్ట తెలంగాణలో, కింద నీళ్ళు పడే ఊళ్ళు చాలావరకు ఆంధ్రాలో. అలాంటి చోట గొలుసులో రెండు రాష్ట్రాల పేర్లూ ఉన్నాయా, అవతలి జిల్లా నంబరు ఉందా అన్నదే నేను మొదట వెతుకుతాను.

## జిల్లా ప్లాన్

పడవలు, బియ్యం, పునరావాస కేంద్రాలు, విపత్తు దళాలు, అన్నీ దీని చేతిలోనే ఉంటాయి. "ఖాళీ చేయండి" అని అనగలిగే అధికారం కూడా. చెప్పి వచ్చే గోదారి వరదకు ఇది ఏళ్ళ తరబడి అరిగి నునుపుదేలిన ప్లాన్. 112కో 1070కో ఫోన్ చేస్తే కనీసం ఒక మనిషి మాట్లాడతాడు.

లోపమల్లా, ఇది మొత్తం ధవళేశ్వరం గేజీకి కట్టేసి ఉంటుంది. బ్యారేజీ దగ్గర 11.75 అంటే మా కాజ్‌వే (ఏటిపాయ దాటే పల్లపు రోడ్డు) మీద ఎంత? లంకల్లో కొన్ని కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. జిల్లా లెక్కలో ఇంకా "ప్రమాదం లేదు", ఊరు మాత్రం అప్పటికే పడవల మీద. గట్టుకు గండి పడే సంగతికి కూడా ఇందులో "బలహీన ప్రాంతాల్లో ఇసుక బస్తాలు సిద్ధం" అన్న ముక్క తప్ప పెద్దగా ఉండదు.

## ఊరి నోటుబుక్కు

మా నాలుగు పేజీల్లో ఉన్నవి వేరే ఎక్కడా లేవు. ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉంది, ఎవరికి ఇంజను పడవుంది, ఎవరు దాన్ని రాత్రిపూట నడపగలరు, రాములవారి గుడి మండపం ఎంత ఎత్తు. రాత్రి పరీక్షలో దీనికి పదిహేనుకి పదిహేను.

గంటల పరీక్షలో మాత్రం తప్పింది. ఎగువన ఏం జరుగుతోందో ఊరికి తెలిసే దారి లేదు, నీళ్ళు కనపడ్డాకే లేస్తాం. పైగా రాసినవాడు పెళ్ళికి పక్క జిల్లాకి వెళ్తే ప్లానూ వెళ్ళినట్టే.

వాట్సాప్ గ్రూపే మా ప్లాన్ అనే ఊళ్ళు కూడా ఉన్నాయి. ప్రతి వరదకీ పాత వీడియోలు కొత్తగా తిరుగుతాయి. దాని గురించి ఇంతకన్నా రాయను.

| చూడాల్సింది | డ్యామ్ ప్లాన్ | జిల్లా ప్లాన్ | ఊరి ప్లాన్ |
|---|---|---|---|
| గోదారి వరదకు ముందస్తు టైము | కొంత | బాగా ఉంటుంది | సొంతంగా లేదు |
| కట్ట తెగితే టైము లెక్క | ఉంటుంది, ఉండాలి | అరుదు | లేదు |
| గట్టు గండి | దీని పని కాదు | పైపైన | కాపలా ఉంటే ఉంది |
| కబురు ఎక్కడిదాకా | జిల్లా దాకా | మండలం, ఊరు దాకా | గుమ్మం దాకా |
| రాత్రి, కరెంటు లేనప్పుడు | సైరన్ ఉంటేనే | అంతంతమాత్రం | బాగా |
| పడవలు, తిండి, అధికారం | లేవు | ఉన్నాయి | పడవలు కొన్ని |
| పాతబడే వేగం | నెమ్మది, కానీ ఎవరూ గమనించరు | ఏటా మారుస్తారు | మనిషి మారితే అంతే |

## ఎవరు దేన్ని పట్టుకోవాలి

లంకల్లో, అంటే రెండు గట్ల మధ్య ఉన్నవాళ్ళు. ఊరి ప్లాన్‌ని ముందు పెట్టుకోండి, జిల్లా గేజీని దానికి తాడులా కట్టండి. మేం చేసింది చెప్తాను. రేవు దగ్గరి కరెంటు స్తంభానికి పెయింటుతో గీతలు గీశాం. 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అందరికీ గుర్తుంది, అది ఎర్ర గీత. 86 గీత ఎక్కడన్నది తేలడానికి ముగ్గురు పెద్దవాళ్ళ మధ్య అరగంట గొడవైంది. చివరికి ఒకాయన వాళ్ళింటి గోడ మీద వాళ్ళ నాన్న మేకుతో గీసిన గీత చూపించాడు, దాంతో సరిచూశాం. ఇక ప్రతి వరదకీ మా కాజ్‌వే మునిగిన రోజున ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుందో స్తంభం మీదే రాస్తున్నాం. రెండు మూడు వరదలకి మన ఊరి హెచ్చరిక మట్టం మనకే తెలిసిపోతుంది.

ఇక్కడి బేరమల్లా ముందే వెళ్ళడమా, ఆగడమా అన్నదే. ముందే వెళ్తే పాలు పోతాయి, కూలి పోతుంది, ఇంటి మీద బెంగ. ఆగితే పడవ మీద గేదెని ఎక్కించాలి, అదీ వడిలో. నా మాట: పశువులు కాజ్‌వే మునగకముందే నడిచి గట్టెక్కాలి, మనుషులు రెండో హెచ్చరిక దాకా ఆగవచ్చు. పాడి లేని ఇంటికి ఇంత తొందర అక్కర్లేదు.

గట్టు అవతల, కాలవల కింద ఉన్నవాళ్ళు. మీకు గంటలిచ్చేది గట్టు మీద తిరిగే మనిషే. జిల్లా ప్లాన్‌లో మీ ఊరి దగ్గర ఏ బలహీన ప్రాంతం రాసుందో చూసి, రాత్రి కాపలా ఎవరిదో పేరుతో సహా అడగండి. మా వైపు ఒక పాత లస్కరు (కాలవలు, గట్లు చూసుకునే మనిషి) నాకు చెప్పిన మాట ఏ పుస్తకంలోనూ అంత తేలిగ్గా లేదు: "గట్టు చెమర్చడం మామూలేనండి. ఊట తేటగా వస్తే చూసుకుంటా కూర్చోవచ్చు. బురదగా వచ్చిందా, లోపల మట్టి తినేస్తందన్నమాట, అప్పుడింక బస్తాలకి పరిగెత్తాలండి." ఇంజనీర్లూ సరిగ్గా అదే అంటారు. డ్యామ్ ప్లాన్ కోసం మీరు తిరగక్కర్లేదు, ఆ ఓపిక గట్టు మీద పెట్టండి.

ఎర్రకాలువ, ఏలేరు కింద ఉన్నవాళ్ళు. మీకు మాత్రం డ్యామ్ ప్లానే ముఖ్యం. గోదారి గేజీ చూసి ధైర్యంగా ఉండకండి; భద్రాచలంలో నీళ్ళు తగ్గుతున్న రోజునే మీ దగ్గర పొంగవచ్చు. జలాశయంలోంచి ఎన్ని క్యూసెక్కులు వదిలితే మీ పొలం మునుగుతుంది, ఎంత వదిలితే ఇల్లు మునుగుతుంది, వదలడానికి ఎన్ని గంటల ముందు చెప్తారు అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబుండాలి. కట్ట తెగడం దాకా అక్కర్లేదు, ఒక్కసారిగా గేట్లు ఎత్తినా మీకు చాలు.

యానాం, ముఖద్వారాల దగ్గరివాళ్ళు. వరద మీ దగ్గరికి అందరికన్నా ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ఎప్పుడొస్తుందో తేలిగ్గా తెలుస్తుంది. ఎప్పుడు దిగుతుందన్నదే తెలియదు, సముద్రం పోటు మీదుంటే నీళ్ళు కదలవు. కాబట్టి తిండి, మంచినీళ్ళు ఎన్ని రోజులకు రాశారో చూడండి. యానాం వాళ్ళకి ఇంకొక సంగతి: పరిపాలన పుదుచ్చేరిది, వచ్చే నీళ్ళు ఆంధ్రా మీదుగా. గొలుసు రెండు చోట్లా ఉందో లేదో సరిచూసుకోవాలి.

పోలవరం సంగతి డెల్టాలో అందరిదీ. బ్యారేజీకి ఎగువన 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది, 48 గేట్ల స్పిల్‌వే 50 లక్షల క్యూసెక్కులకు కట్టారు. ప్రధాన డ్యామ్ పూర్తయి నీళ్ళు నింపే రోజు వచ్చేలోగా ముంపు మ్యాపులో మన మండలం ఎన్ని గంటల గీత మీదుందో గ్రామసభలో అడిగి రాయించుకోండి. నింపాక అడిగితే టెన్షనే మిగులుతుంది.

మా గ్రామసభ చివరికి మూడింట్లో ఒకటి ఎంచుకోలేదు. నోటుబుక్కునే ఉంచి, జిల్లా ప్లాన్‌లోంచి గొలుసు పేజీ, డ్యామ్ ప్లాన్‌లోంచి మా మండలం మ్యాపు జిరాక్సు తీసి అందులో అతికించారు. టైలరు గారి నంబరు కొట్టేశారు. జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే డ్రిల్లు పెడితే, ఊరు మొత్తం ఎక్కాక కూడా ఒక పడవ కదల్లేదు. "గేదె ఎక్కితేనే నేనెక్కుతాను" అని ఒక ముసలాయన రేవులో చతికిలబడ్డాడు. ఆయన్ని ఎక్కించేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రమే నోటుబుక్కులో పేజీల వరుస మార్చారు. ఇప్పుడు మొదటి పేజీ గేదెలది.